నారకు నీళ్లంటే ప్రాణం, ప్లాస్టిక్‌కు పడదు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు చేస్తున్న నార పని గురించి నాలుగు మాటలు చెప్పండి, తర్వాత మన ఈ-సంచికలో వేసుకుంటాం" అని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు కాస్త బెరుకు వేసింది. థింసాకూ పాటకూ మధ్యలో రసాయన శాస్త్రం ఎవరు వింటారు అనుకున్నాం. కానీ ఈ పనిలో మేం తేల్చుకోలేని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. అది మా ఇద్దరి వల్ల తేలేది కాదు, పదిమందిలో పెట్టాల్సింది. అందుకే వచ్చాం.

మేం అంటే ఇద్దరం. ఒకరం పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాం, ఒకరం పాలిమర్ ల్యాబ్‌లో పనిచేస్తాం. ఒకరిది జాతాపు ఇల్లు, ఒకరిది సవర ఇల్లు. ఒకే ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. ఇద్దరి ఇళ్లల్లోనూ చూరు కింద అడ్డ నార తాళ్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతూ ఉండేవి. ఆ తాళ్ల దగ్గరి నుంచే మొదలుపెడతాం.

అడ్డ తీగ పట్ట ఒలిచి, కొట్టి, నానబెట్టి, నార తీసి తాత తాడు పేనుతుంటే మేం పక్కన కూర్చుని చూసేవాళ్లం. పేనే ముందు నారను తడిచేతితో దువ్వేవాడు. పొడి నార పేనితే విరుగుతుంది, తడి నార మాట వింటుంది అనేవాడు. పల్లంలో గోగు పండించే ఊళ్లల్లో గోగు కట్టలను చెరువులో ముంచి, పైన బరువులు పెట్టి, రెండు మూడు వారాలు ఊరవేస్తారు. ఆ కంపు ఎరిగినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. నడుంలోతు నీళ్లల్లో నిలబడి నార ఒలిచినవాళ్ల చేతులూ కాళ్లూ ఎలా చెడిపోతాయో కూడా మీకు తెలుసు. ఆ ఊరవేతలో జరిగేది ఏమిటంటే, నీళ్లలోని సూక్ష్మజీవులు కాడలో నారను బెరడుకు పట్టి ఉంచే జిగురును తినేస్తాయి. ఆ జిగురు పేరు పెక్టిన్. నాలుగు రోజులు తక్కువైతే నార ఊడిరాదు, నాలుగు రోజులు ఎక్కువైతే నారే కుళ్లిపోతుంది. ఎప్పుడు తీయాలో కాడను వేలితో నొక్కి చెప్పేవాళ్లు. ఆ వేలికి ఉన్న తెలివి గురించి మళ్లీ మాట్లాడతాం, గుర్తుపెట్టుకోండి.

ఒకప్పుడు గదబ స్త్రీలు కెరంగ్ నార తీసి, రంగులద్ది, ఎర్రటి నీలపు చారలతో తమ బట్ట తామే నేసుకునేవారు. ఇప్పుడు ఆ బట్టను చూడాలంటే ఎక్కువగా మ్యూజియానికే పోవాలి. నార శుద్ధి మనకు కొత్త విద్య కాదు. పేరు మాత్రం కొత్తగా పెట్టారు.

సరే, ప్లాస్టిక్‌లో నార ఎందుకు కలుపుతారు? మన ఇళ్ల మట్టి గోడ సంగతి చూడండి. ఉత్త మట్టితో గోడ పెడితే ఎండకు పగుళ్లిస్తుంది. అందులో వరిగడ్డి ముక్కలు తొక్కి కలిపితే పగుళ్లు ఆగుతాయి. మట్టి ఆకారం ఇస్తుంది, గడ్డి లాగుడుకు తట్టుకుంటుంది. రెండూ కలిసి, విడిగా ఏదీ చేయలేని పని చేస్తాయి. దాన్నే ఇంగ్లీషులో కాంపోజిట్ అంటారు. ప్లాస్టిక్‌లో గాజు నార కలిపితే ఫైబర్‌గ్లాస్ అవుతుంది. తలుపులు, పడవలు, నీళ్ల ట్యాంకులు దానితో చేస్తారు. గాజు నారకు బదులు మొక్కల నార కలపవచ్చా అన్నదే ఈ పని అంతా.

కలపవచ్చు. ఇది నిన్నమొన్నటి ముచ్చట కాదు. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా తయారైన ట్రాబాంట్ అనే చిన్న కారు పైతొడుగు, పత్తి మిల్లుల వ్యర్థాన్ని రెసిన్‌తో కలిపి నొక్కి చేసినదే. అలాంటి కార్లు సుమారు 30 లక్షలు తిరిగాయి. ఫిలిప్పీన్స్‌లో అరటికి చుట్టమైన అబాకా అనే మొక్క ఉంది. దాని నారను 2000 తర్వాత ఒక జర్మన్ కార్ల కంపెనీ కారు అడుగుభాగంలో, అదనపు చక్రం పెట్టే చోట వాడింది. రోడ్డు మీది రాళ్లూ నీళ్లూ తగిలే చోటు అది. కొండవాలులో పెరిగే మొక్క అక్కడిదాకా వెళ్లింది. మన దేశంలో కొబ్బరి పీచు, కిత్తనార, జనపనార, అరటి నారల మీద తిరువనంతపురం, భోపాల్‌లలోని ప్రభుత్వ పరిశోధనశాలలు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

మొక్కల నార గొప్పతనం ఎక్కువగా బరువులో ఉంది. గాజు నార ఒక ఘనపు సెంటీమీటరు రెండున్నర గ్రాములు తూగుతుంది, కిత్తనార సుమారు ఒకటిన్నర గ్రాములే. గాజు నార కోస్తే పొడి గాలిలోకి లేచి ఒంటికి గుచ్చుకుంటుంది, మొక్కల నార అలా చేయదు. దాన్ని కరిగించి తీయడానికి పెద్ద కొలిమి అక్కర్లేదు. అలాగని గాజు కన్నా గట్టిదని చెబితే అబద్ధమవుతుంది. లాగుడు బలంలో గాజుదే పైచేయి. బస్సు సీటు వెనుక పలక, తలుపు లోపలి తొడుగు, కుర్చీ, ట్రే, పెట్టె లాంటి మధ్యరకం పనులకు మొక్కల నార సరిపోతుంది.

మేం కిత్తనార ఎంచుకున్నాం. పొలం గట్ల మీద, రోడ్ల పక్కన ముళ్ల కత్తుల్లా నిలబడే మొక్క. నిజానికి అది మనది కాదు, మెక్సికోది. ఇంగ్లీషులో దాన్ని పిలిచే సైసల్ అన్న పేరు అక్కడి యుకటాన్ తీరంలోని ఒక రేవు పేరు. వచ్చి మన గట్లకు కాపలా కాస్తోంది. నాటిన మూడేళ్లకు ఆకు కోతకు వస్తుంది, నీళ్లు అడగదు, మేక ముట్టదు. ఆకు గీస్తే కారే రసం మాత్రం ఒళ్లంతా దురద పెడుతుంది. వంద కిలోల పచ్చి ఆకు గీస్తే ఎండిన నార నాలుగు కిలోలు వస్తే గొప్ప. మిగతాదంతా పిప్పీ నీళ్లూ. ఈ లెక్క తెలియక "కొండంతా కిత్తలే కదా" అని సంబరపడేవాళ్లను మేం చూశాం. మేమూ అలా సంబరపడ్డవాళ్లమే.

మా మొదటి ప్రయత్నం శ్రావణ మాసంలో. ఊరి నుంచి రెండు కిలోల నార తెచ్చి, సెంటీమీటరు ముక్కలు కోసి, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో కలిపి వేడి అచ్చులో నొక్కాం. మన బకెట్లూ కుర్చీలూ చేసే ప్లాస్టిక్ అదే. సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మొక్కల నార 200 డిగ్రీలు దాటితే మాడడం మొదలుపెడుతుంది. అందుకే ఈ పనికి తక్కువ వేడికి కరిగే ప్లాస్టిక్‌లే పనికొస్తాయి. మంచినీళ్ల సీసా చేసే ప్లాస్టిక్ 250 దాటితేగానీ కరగదు. అందులో నార వేస్తే బొగ్గు మిగులుతుంది.

అచ్చు తెరిచి చూస్తే పలక నిండా బుడగలు. పేలాల్లా ఉబ్బింది. వానాకాలపు నార తనలో తేమ దాచుకుంది. వేడికి అది ఆవిరై ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికి వచ్చింది. నారను ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ చేశాం. ఈసారి పలక నున్నగా వచ్చింది. యంత్రంలో పెట్టి లాగితే ఉత్త ప్లాస్టిక్ కన్నా ముందే విరిగింది. బలం కోసం కలిపిన నారే బలం తీసేసింది! విరిగిన అంచును భూతద్దంతో చూశాం. నార పోగులు తెగలేదు. ఒరలోంచి కత్తి దూసినట్టు ప్లాస్టిక్‌లోంచి నున్నగా జారి బయటికి వచ్చేశాయి. వాటి వెనక ఖాళీ బొక్కలు మిగిలాయి.

కారణం పుస్తకాల్లో మేం చదివిందే, కాకపోతే అప్పుడు కళ్లతో చూశాం. నారకు నీళ్లంటే ప్రాణం. ప్లాస్టిక్‌కు నీళ్లు పడవు, తామరాకు మీది బొట్టులా జారిపోతాయి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. నార పోగు ఒకటి చేతిలోకి తీసుకుంటే అది నిజానికి ఒక కట్ట. సెల్యులోజ్ అనే సన్నటి గట్టి పోగులను హెమిసెల్యులోజ్, లిగ్నిన్, పెక్టిన్ అనే జిగుర్లు పట్టి ఉంచుతాయి, పైన మైనపు పూత ఉంటుంది. కిత్తనారలో మూడింట రెండు వంతులు సెల్యులోజ్. బలమంతా అందులోనే. నీళ్లను ఎక్కువగా పట్టుకునేది హెమిసెల్యులోజ్. ప్లాస్టిక్‌ను నారకు అంటనీయనిది పైనున్న మైనపు జిడ్డు. ఆముదం రాసిన చేతికి బంక అంటుతుందా? అదీ సంగతి.

ఇక్కడి నుంచి శుద్ధి కథ. అన్నిటికన్నా పాతది, చవకైనది క్షారంతో కడగడం. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండు మనిషి నూలు గుడ్డను కాస్టిక్ సోడాలో ముంచితే ఏమవుతుందో కనిపెట్టాడు. ఆయన పేరుతోనే దాన్ని మెర్సరైజేషన్ అంటున్నారు. బూడిద నీళ్లతో, చౌడు మట్టితో బట్టలు ఉతికిన మన పెద్దలకు క్షారం గుణం ఆయనకన్నా ముందే తెలుసు. మేం చేసింది ఇది: వంద మిల్లీలీటర్ల నీళ్లకు ఐదు గ్రాముల కాస్టిక్ సోడా. అందులో నారను రెండు మూడు గంటలు నానబెట్టడం. తీసి మంచినీళ్లతో పలుమార్లు జాడించడం. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని బాగా పలచన చేసి, ఆ నీళ్లలో ముంచి మిగిలిన క్షారాన్ని చంపడం. మళ్లీ జాడించి ఆరబెట్టడం.

మొదటిరోజు తొందరలో చేతికి దొరికిన అల్యూమినియం బేసిన్‌లో క్షారం పోశాం. బుసబుసమని పొంగింది, బేసిన్ అడుగంతా గుంటలు పడింది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తింటుంది, ఆ పొంగు హైడ్రోజన్ వాయువు, అంటుకునే రకం. పాలిటెక్నిక్‌లో ఇది పాఠంగా చెప్పేవాళ్లమే ఆ పని చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలూ, వింటున్నారా? ప్లాస్టిక్ తొట్టెలోనో స్టీలు గిన్నెలోనో చేయాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా ఆ డబ్బా మూత తీయకూడదు.

క్షారంలోంచి తీసిన నార చేతికే తేడా తెలుస్తుంది. నునుపు పోయి గరుకు వస్తుంది. లావు పోగు సన్న పోగులుగా విడిపోతుంది. మైనం పోయింది, హెమిసెల్యులోజ్ చాలావరకు పోయింది, లిగ్నిన్ కొంత పోయింది. సన్నబడిన పోగులకు ప్లాస్టిక్ తాకే ఒళ్లు పెరిగింది, గరుకుతనం వల్ల పట్టు దొరికింది. ఆ నారతో చేసిన పలకను లాగితే విరిగిన అంచులో పోగులు జారలేదు, తెగాయి. ఆ తెగిన పోగులను చూసి మేం ఆ సాయంత్రం టీ తాగడం కూడా మర్చిపోయాం.

అయితే ఎక్కువ చేస్తే ఇంకా మంచిదనుకున్నాం. ఐదు బదులు పదిహేను శాతం పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న తీస్తే నార పసుపు తిరిగి, పెళుసై, వేళ్ల మధ్య పుటుక్కుమంది. చెత్తతో పాటు సెల్యులోజ్ కూడా దెబ్బతింది. గోగు కట్ట నాలుగు రోజులు ఎక్కువ ఊరితే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. కాడను నొక్కి చూసే ఆ వేలు మాకు అప్పుడు గుర్తొచ్చింది. మా దగ్గర అలాంటి వేలు లేదు, లాగుడు యంత్రం ఉంది. యంత్రం నార చెడిపోయాక చెబుతుంది, వేలు చెడిపోకముందే చెబుతుంది.

ఇంకా వేరే శుద్ధులున్నాయి. సైలేన్ అనే మందు ఉంది, ఒక చేత్తో నారనూ రెండో చేత్తో ప్లాస్టిక్‌నూ పట్టుకునే పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో నారలో నీళ్లను పట్టుకునే కొక్కేలను మూసేసే పద్ధతి ఉంది. దాన్ని ఎసిటైలేషన్ అంటారు. పెరాక్సైడు, పర్మాంగనేటు ఉన్నాయి. ఇవన్నీ ఖరీదు, ల్యాబ్ బయట చేయడం కష్టం. ఒక్కటి మాత్రం వేరే దారి. నారను ముట్టుకోకుండా, ప్లాస్టిక్ కరిగించేటప్పుడే అందులో మేలియిక్ అన్‌హైడ్రైడ్ అంటించిన పాలీప్రొపిలీన్‌ను నూటికి రెండు నుంచి ఐదు పాళ్లు కలుపుతారు. అది ఒకవైపు నారతో బంధం కడుతుంది, ఇంకోవైపు మామూలు పాలీప్రొపిలీన్‌తో కలిసిపోతుంది. నీళ్లు అక్కర్లేదు, తొట్టెలు అక్కర్లేదు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

శుద్ధి చేసిన నారతో అన్నీ మెరుగవుతాయా అంటే, కావు. పరిశోధనా పత్రాల్లో లాగుడు బలం పెరిగిందన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దెబ్బకు తట్టుకునే గుణం కొన్నిసార్లు తగ్గుతుందన్నది లోపలి పట్టికలో ఉంటుంది. పట్టు మరీ గట్టిగా ఉంటే, దెబ్బ తగిలినప్పుడు పోగు జారుతూ ఆ శక్తిని మింగే అవకాశం పోతుంది, పలక ఒక్కసారిగా పగులుతుంది. కుర్చీకి ఒకటి కావాలి, హెల్మెట్‌కు ఇంకొకటి కావాలి. ఏ పనికో తెలియకుండా "బలమైన" అన్న మాటకు అర్థం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం.

నిరుడు వేసవిలో మా ఊళ్లలో ఒకచోట మహిళా సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఒక వ్యాపారి వచ్చి, ఉత్త కిత్తనారకు ఒక ధర, "కెమికల్ చేసిన" నారకు దాదాపు రెట్టింపు ధర ఇస్తానన్నాడట. మీరు నేర్పితే మేం ఇక్కడే చేసుకుంటాం అన్నారు. మాకు ఎంత సంతోషమో చెప్పలేం. చదువుకున్న చదువు ఊరికి పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాం. చెట్టు కింద నల్లబల్ల పెట్టి, తొట్టెలు ఎక్కడ పెట్టాలో, ఎన్ని రోజులకు ఎంత నార అవుతుందో గీసి చూపించాం. అందరూ తలలూపారు. వెనక కూర్చున్న ఒక మామ్మ లేచి అడిగింది: "అంతా బాగుంది గాని బాబూ, నార కడిగిన ఆ నీళ్లు ఎక్కడ పారబోస్తారు?"

గెడ్డ అక్కడికి యాభై అడుగుల దూరం. ఆ ఊరు తాగేది గెడ్డ నీళ్లే. కింద ఇంకో రెండు ఊళ్లు తాగేవీ అవే.

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ల్యాబ్‌లో సింకు ఉంటుంది. అందులో పోస్తే నీళ్లు ఎటు పోతాయో అన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు మేం. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. కిలో నార బాగా మునగాలంటే ఇరవై లీటర్ల ద్రావణం కావాలి. ఐదు శాతం లెక్కన ఇరవై లీటర్లలో ఒక కిలో కాస్టిక్ సోడా. అంటే కిలో నారకు కిలో క్షారం! దాన్ని పూర్తిగా చంపాలంటే కిలోన్నర ఎసిటిక్ ఆమ్లం. జాడించే నీళ్లు ఇవి కాక. ద్రావణాన్ని వడకట్టి మళ్లీ మళ్లీ వాడితే ఖర్చు చాలా తగ్గుతుంది, మేం అలా వాడి చూశాం కూడా. కానీ ఎప్పుడో ఒకప్పుడు టీ డికాక్షన్ రంగులో ఆ నీళ్లు బయటికి రావాల్సిందే. క్షారం చచ్చిందని లిట్మస్ కాగితం చెప్పినా, కరిగిన లిగ్నిన్, హెమిసెల్యులోజ్ అందులోనే ఉంటాయి. అవి గెడ్డలో పడి కుళ్లితే నీళ్లలోని ప్రాణవాయువు తగ్గి చేప చస్తుంది. గోగు ఊరేసిన చెరువులో చేపలు తేలడం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మర్నాడు వెళ్లి, నిన్న గీసింది చెరిపేస్తున్నాం అని చెప్పాం. కొందరికి కోపం వచ్చింది. రెట్టింపు ధర కళ్లముందు పెట్టి లాగేసుకున్నట్టయింది వాళ్లకు. "మీరు పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటూ మాకు గెడ్డ గురించి చెబుతారా" అని ఒక తమ్ముడు అన్నాడు. ఆ మాట న్యాయమే. దాన్ని మేం ఇంకా మోస్తున్నాం.

తర్వాత ఆలోచించగా మాకు తోచింది ఇది. ఆ వ్యాపారి కొనే నార చివరికి పాలీప్రొపిలీన్‌లోకే పోతుంటే, ఇందాక చెప్పిన మేలియిక్ మందు ఫ్యాక్టరీలోనే కలుపుకోవచ్చు. అప్పుడు ఊరి నుంచి క్షారం పట్టిన నార అక్కర్లేదు. కావాల్సింది శుభ్రంగా గీసిన, పిప్పి లేని, దువ్విన, బాగా ఎండిన, పొడవుల వారీగా వేరుచేసిన నార. ఫ్యాక్టరీకి తలనొప్పి తెచ్చేది ముఖ్యంగా ఒక బేలుకూ ఇంకో బేలుకూ పొంతన లేకపోవడం, లోపల తేమ దాగి ఉండడం. ఒక బేలులో తెల్లటి నార, ఇంకోదాంట్లో పిప్పి పట్టిన నల్లటి నార ఉంటే వాళ్ల యంత్రం సెట్టింగే కుదరదు. ఆ పొంతన తేవడం మన చేతి పని. నార తీసే చిన్న యంత్రం, నేలకు తగలకుండా ఆరబెట్టే వెదురు దండేలు, పైన కప్పు, ఒక తేమ కొలిచే మీటరు చాలు. ఆకు గీసిన పిప్పీ రసమూ కూడా గెడ్డలో పడకూడదు సుమా, అదీ నీళ్లను చెరుపుతుంది. గొయ్యి తీసి ఎరువు చేయాలి.

ఇక్కడే మా ఇద్దరికీ పడటం లేదు. ల్యాబ్‌లో ఉన్న ఒకరం అంటాం: ఊరు నాణ్యమైన ముడి నార ఇవ్వాలి, మందుల పని వాటికి శుద్ధి ప్లాంటు ఉన్న చోటే జరగాలి, అంతకుమించి ఆశపడితే గెడ్డ పోతుంది. పాలిటెక్నిక్‌లో ఉన్న ఒకరం అంటాం: ఎప్పుడూ ముడిసరుకు మనది, లాభం వాళ్లది అన్న పాత కథే కదా ఇది. చింతపండు, జిగురు, అడ్డాకు, ఇప్పుడు నార. నీళ్లను చుట్టూ తిప్పి వాడుకునే చిన్న ప్లాంటు మండల కేంద్రంలో పెట్టి, దాన్ని మన సంఘాలే నడపకూడదా? రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏది ఎంత ఖర్చో లెక్కలు వేస్తున్నాం. మామ్మ ప్రశ్నకు జవాబు రాయని లెక్కను మాత్రం ఈసారి ఊరికి తీసుకెళ్లం.

ఇంకొక మాట, అడవి నార గురించి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు తపసి చెట్టు బెరడులో పొరలు పొరలుగా దొరికే నారను క్షారంతో శుద్ధి చేసి పరీక్షించారు, పత్రాలు ప్రచురించారు. మంచి పని. కానీ తపసి అంటే మనకు జిగురు చెట్టు. పద్ధతి లేకుండా లోతుగా గాట్లు పెట్టి జిగురు తీసినప్పుడు ఎన్ని చెట్లు ఎండిపోయాయో ముసలివాళ్లను అడగండి. ఇప్పుడు బెరడుకు కూడా ధర వస్తే ఆ చెట్టు గతి ఏమిటి? అడ్డ తీగా అంతే. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, పట్ట ఒలిస్తే ఆ తీగ పోతుంది. అడ్డాకుల మీద బతికే ఇళ్లు ఎన్ని లేవు? ల్యాబ్‌కు నమూనా కావాలంటే గుప్పెడు నార చాలు, ఫ్యాక్టరీకి టన్నులు కావాలి. అందుకే మేం గట్టు మీద నాటుకునే కిత్తలి, పొలంలో వేసే గోగు, గెల కోశాక పారేసే అరటి బోదె దగ్గరే ఆగాం. అడవి నారల జోలికి పోలేదు.

ఎవరైనా పోదలచుకుంటే వాళ్లు అడగాల్సింది గ్రామసభను. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనకిచ్చాయి. వెదురు కూడా అందులో ఉంది. 2002 జీవవైవిధ్య చట్టంలో లాభంలో వాటా గురించి ఉంది. నార నమూనా కావాలని ఊరికి వచ్చినవాళ్లకు మర్యాదగా మంచినీళ్లు ఇవ్వండి, కాగితం మీద ఏం రాసుకుంటున్నారో చదివించుకుని వినండి. మేం వచ్చినా సరే.

హాస్టల్ పిల్లలు ఒకటి అడిగారు పొద్దున్న, నార కలిపితే ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోతుందా అని. కలవదు నాయనా. నార కుళ్లవచ్చు, పాలీప్రొపిలీన్ అలాగే ఉంటుంది. పైగా రెండూ కలిశాక విడదీయడం కష్టం. నూటికి ముప్పై పాళ్లు నార వేస్తే ఆ మేరకు ప్లాస్టిక్ తగ్గుతుంది, అంతే. దాన్ని పట్టుకుని "పర్యావరణ హితం" అని ఆకుపచ్చ బొమ్మ అంటించే వస్తువులను చూసి మోసపోకండి. మొక్కజొన్న లాంటి వాటి పిండిపదార్థం నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌లో నార కలిపే పని కూడా సాగుతోంది. అది వేరే కథ, ధర ఎక్కువ.

బయట చింతచెట్టు కింద బల్ల మీద మూడు పలకలు పెట్టాం. ఒకటి ఉత్త ప్లాస్టిక్, ఒకటి శుద్ధి చేయని నార కలిపింది, ఒకటి శుద్ధి చేసిన నార కలిపింది. చేత్తో వంచి, విరిచి చూడండి, విరగ్గొట్టడానికే తెచ్చాం. విరిగిన అంచు మీద వేలు రాయండి. పక్కనే నాలుగు రకాల నార గుత్తులున్నాయి, పేర్లు రాయలేదు. తాళ్లు పేనిన పెద్దలు ముట్టుకుని ఏది బాగా ఎండిందో, ఏది ఎక్కువ ఊరిందో చెబితే మేం రాసుకుంటాం. మీటరు మా సంచిలో ఉంది. మీరు చెప్పాక తీస్తాం.